చెరిగిపోయిన అంకె తిరిగి వస్తుందా?

మల్కాజ్‌గిరి స్టేషనులో కాసేపు నిలబడితే గూడ్సు బండి ఒకటైనా కనిపిస్తుంది. పిల్లలంతా పెట్టెలు లెక్కపెడతారు. ఈసారి పెట్టెలను కాక, పెట్టె మీద రాసిన సంఖ్యను చూడండి. (ప్లాట్‌ఫారం మీద నుంచే సుమా! పట్టాల దగ్గరికి పోకూడదు.) ఆ సంఖ్యలో 11 అంకెలుంటాయి. మొదటి రెండూ వ్యాగన్ ఏ రకమో, తరువాతి రెండూ ఏ రైల్వేకు చెందినదో, ఆపై రెండూ ఏ సంవత్సరంలో తయారైందో చెబుతాయి. తరువాత నాలుగు దాని సొంత నంబరు. ఇవి పది అంకెలు. మరి పదకొండోది ఎందుకు?

ఆ అంకె వ్యాగన్ గురించి కొత్తగా ఏమీ చెప్పదు. మిగతా పదింటికీ కాపలా కాస్తుంది, అంతే. దాన్ని తనిఖీ అంకె అందాం. ఉదాహరణకు నేను కల్పించిన సంఖ్య ఒకటి తీసుకోండి: 3109052174. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల్లోని అంకెలు కూడండి: 1+9+5+1+4 = 20. దాన్ని 3తో హెచ్చిస్తే 60. బేసి స్థానాల్లోవి కూడితే 3+0+0+2+7 = 12. రెండూ కలిపి 72. దీన్ని 80 చెయ్యడానికి 8 కావాలి. ఆ 8నే పదకొండో అంకెగా రాస్తారు.

ఇప్పుడు అసలు తమాషా. ఎండకూ వానకూ ఎనిమిదో స్థానంలోని అంకె చెరిగిపోయిందనుకోండి. మిగిలిన సరి స్థానాల మొత్తం 19, దానికి మూడు రెట్లు 57. బేసివి 12, తనిఖీ అంకె 8. అన్నీ కలిపి 77. దీనికి పోయిన అంకెకు మూడు రెట్లు కలిపితే చివర సున్న రావాలి. అంటే ఆ మూడు రెట్లు 3తో ముగియాలి. మూడో ఎక్కంలో 0 నుంచి 9 దాకా 3తో ముగిసేది ఒక్కటే: మూడు ఒకట్లు మూడు. పోయిన అంకె 1! నకలు ఎక్కడా చూడకుండానే తిరిగి వచ్చింది.

మూడుతోనే ఎందుకు హెచ్చించాలి? రెండుతో చేసి చూడండి. రెండు ఒకట్లు 2, రెండు ఆర్లు 12. రెండూ 2తోనే ముగుస్తాయి కనుక పోయింది 1 అయినా కావచ్చు, 6 అయినా కావచ్చు. మూడుతో ఆ చిక్కు లేదు. పుస్తకాల వెనుక అట్ట మీదా, బిస్కెట్ పొట్లాల మీదా గీతల కింద ఉండే 13 అంకెల సంఖ్యలోనూ ఇదే లెక్క. ఒక అంకెను వేలితో మూసి, స్నేహితుడి చేత చెప్పించండి. రెండంకెలు మూస్తే మాత్రం ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

కొన్నేళ్ళ క్రితం ఈ సంగతి నాకు ప్రాణం మీదికి వచ్చినంత పని చేసింది. ఆ ఏడు మేము తొమ్మిదో తరగతి పరీక్ష మార్కులు కాగితం మీద రాసుకోకుండా నేరుగా కంప్యూటర్‌లోకే ఎక్కించాం. జవాబు పత్రాలు పిల్లలకు ఇచ్చేశాం. ఒక సాయంత్రం మార్కులు దిద్దుతుండగా కరెంటు పోయింది. మర్నాడు కంప్యూటర్‌లో మార్కుల ఫైలు పక్కనే, ఎన్నడూ చూడని చిన్న ఫైలు ఒకటి కనబడింది. చెత్త అనుకుని తీసిపారేశాను. ఆ తరువాత మార్కుల ఫైలు తెరుచుకోలేదు. నకలు లేదు.

ఆ చిన్న ఫైలు చెత్త కాదు. అనేక వివరాలను వరుసలుగా, గడులుగా పేర్చి దాచే నిధిని డేటాబేస్ అంటారు. అందులో ఒక పేజీని మార్చబోయే ముందు, పాత పేజీ ఎలా ఉందో పక్కన ఒక కచ్చా చిట్టాలో రాసుకోవడం మేలైన పద్ధతి. మధ్యలో కరెంటు పోతే, తిరిగి రాగానే చిట్టా చూసి పాత స్థితికి వెళ్ళిపోవచ్చు. పెద్ద డేటాబేస్‌లు ఇంకా వివరమైన చిట్టాలు రాస్తాయి. మద్రాసు ఐ.ఐ.టి.లో చదువుకున్న సి. మోహన్, ఐ.బి.ఎం. సంస్థలోని సహచరులతో కలిసి 1992లో ప్రచురించిన ‘ఏరీస్’ పద్ధతి ఇందులో పేరుపొందింది. నేను పారేసింది సరిగ్గా అలాంటి చిట్టానే!

నా పాత విద్యార్థి ఒకడు కంప్యూటర్ పని తెలిసినవాడు. కబురు చేస్తే వచ్చాడు. వస్తూనే, “సార్, దీని మీద ఇంక ఏమీ నొక్కకండి” అన్నాడు. చెడిన ఫైలునే ఉన్నది ఉన్నట్టుగా రెండు నకళ్ళు తీసి, ఒక నకలు మీద మాత్రమే పని మొదలుపెట్టాడు. చెడినదానికి నకలెందుకని అడిగాను. బాగుచేసే ప్రయత్నంలో ఇంకాస్త చెడితే మళ్ళీ మొదటికి రావడానికట. పైగా డేటాబేస్‌లో దేన్నైనా తీసివేస్తే అది తరచు అక్కడే పడి ఉంటుంది, ‘ఈ చోటు ఖాళీ’ అన్న గుర్తు మాత్రమే పడుతుంది. మనం కొత్తగా ఏదైనా రాస్తే దాని మీదే పడవచ్చు.

మా ఫైలు ‘ఎస్‌క్యూలైట్’ అనే రకానిది. రిచర్డ్ హిప్ అనే అమెరికన్ 2000లో దీన్ని తయారుచేశాడు. మీ ఇంట్లో సెల్‌ఫోన్ ఉంటే అందులోనూ ఇది ఉంటుంది. ఈ ఫైలు సమానమైన పేజీలుగా ఉంటుంది. మామూలుగా ఒక్కో పేజీకి 4096 బైట్లు. బైట్ అంటే 0 నుంచి 255 దాకా ఏదో ఒక సంఖ్య పట్టే గడి. కొన్ని పేజీలలో అసలు వివరాలుంటాయి. కొన్ని, ఏ వివరం ఏ పేజీలో ఉందో దారి చూపుతాయి. మాకు చెడింది ముఖ్యంగా దారి చూపే పేజీ. విషయసూచిక చిరిగితే పుస్తకంలో పాఠాలు పోవు కదా! పేజీ పేజీ తిప్పుకుంటూ పోవాలి. అతడూ అదే చేశాడు. దారి చూపే పేజీ మొదటి బైట్‌లో 5, వివరాలున్న పేజీ మొదటి బైట్‌లో 13 ఉంటుందట. 13 కనబడిన చోటల్లా ఆగి వరుసలు ఏరుకున్నాడు. కొన్ని పేర్లు పాడైతే వాటిని పేర్ల అకారాది పట్టికలోంచి తెచ్చాడు. త్వరగా వెదకడం కోసం డేటాబేస్ ఆ పట్టికలో పేర్లను మళ్ళీ ఒకసారి రాసుకుంటుంది.

కానీ మార్కులకు అలాంటి రెండో చోటు లేదు. కొన్ని గడులు ఖాళీగానే మిగిలాయి.

అప్పుడు నోటీసు బోర్డు గుర్తొచ్చింది. ప్రతి విద్యార్థి మొత్తం మార్కులూ అక్కడ అంటించి ఉన్నాయి. సమీక్ష కోసం ఒక్కో సబ్జెక్టులో తరగతి మొత్తం ఎంతో హెడ్మాస్టరుగారి రిజిస్టరులో ఉంది. అడ్డు మొత్తాలూ నిలువు మొత్తాలూ దొరికాయన్నమాట! వరుసలో ఒక్క గడే ఖాళీ అయితే మొత్తంలోంచి మిగతావి తీసేస్తే చాలు. వరుసలో రెండు పోయినా, నిలువున ఒకటి తేలితే రెండోది తేలుతుంది. వ్యాగన్ మీది పదకొండో అంకె చేసిన పనే ఈ మొత్తాలు చేశాయి. ఒంటిగంటకల్లా నాలుగు గడులు తప్ప అన్నీ నిండాయి.

ఆ నాలుగూ 7వ నంబరు, 15వ నంబరు విద్యార్థుల తెలుగు, లెక్కల మార్కులు. ఒక్కో పరీక్ష 20 మార్కులకు. 7వ నంబరుకు రెండూ కలిపి 31, 15వ నంబరుకు 27. తెలుగులో ఇద్దరికీ కలిపి 30, లెక్కల్లో 28. తెలియనివి నాలుగు, సమీకరణాలు నాలుగు, ఇంకేం అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ మొదటి రెండూ కలిపితే 58, తరువాతి రెండూ కలిపినా 58. అంటే మూడు తెలిస్తే నాలుగోది దానంతటదే వస్తుంది, కొత్తగా ఏమీ చెప్పదు. నిజానికి ఉన్నవి మూడే. 7వ నంబరుకు తెలుగులో 16 అనుకుంటే మిగతావి 15, 14, 13. 17 అనుకుంటే 14, 13, 14. రెండూ సరిపోతాయి! 11 నుంచి 20 దాకా పది రకాలుగా సరిపోతాయి. వేసి చూడండి.

“మధ్యస్థంగా ఏదో ఒకటి వేసేద్దాం” అన్నారొకరు. 15వ నంబరు అమ్మాయికి లెక్కల్లో 8 రావచ్చు, 17 రావచ్చు. ఏది మధ్యస్థం? ఊహించి రాసిన అంకె పిల్ల రాసిన పరీక్షది కాదు, మనది. నేను ఒప్పుకోలేదు. ఇద్దరినీ పిలిచి, జవాబు పత్రాలు ఇంట్లో ఏమైనా ఉన్నాయేమో వెతకమన్నాను. అబ్బాయివి దొరకలేదు. మర్నాడు ఆ అమ్మాయి తమ్ముడి పుస్తకం పట్టుకొచ్చింది. దానికి అట్టగా వేసింది ఆమె తెలుగు జవాబు పత్రమే! మడత విప్పితే ఎర్ర సిరాతో 12 అని ఉంది.

ఆ ఒక్క అంకెతో మూడూ తేలిపోయాయి. 30లో 12 పోతే అబ్బాయి తెలుగు 18. 31లో 18 పోతే అతడి లెక్కలు 13. 27లో 12 పోతే అమ్మాయి లెక్కలు 15. లెక్కల మొత్తం 28 సరిపోయింది. తమ్ముడి పుస్తకానికి కొత్త అట్ట నేనే వేసిచ్చాను.