ఇంగిలీకము - రససిందూరము

పాత వైద్యుని సంచిలో ఎఱ్ఱని పొట్లము లేకుండుట అరుదు. సిందూరమను పేర రెండు వేర్వేఱు వస్తువులున్నవని ముందుగ మనవి చేయుచున్నాను. ఆంజనేయస్వామికి పూయునది సాధారణముగ సీసమునుండి పుట్టినది. అది మందు గాదు. వైద్యుని రససిందూరము పాదరస గంధకముల యోగము.

పాదరసమునకు మూలము ఇంగిలీకము, సంస్కృతమున హింగుళమందురు. దానిని నిమ్మరసముతో కల్వమున నూఱి, కుండలో నుంచి, పైన వేఱొక కుండ బోర్లించి, సందున చీలమన్ను పూసి మంట పెట్టుదురు. పై కుండపై తడిగుడ్డ వేయుదురు. ఆవిరియై లేచిన రసము ఆ చల్లని అడుగున పట్టును. దానికి గంధకము చేర్చి, మెఱుపు మాయమగువఱకు నూఱిన నల్లని కజ్జలి యగును. ఇది గంటల పని గాదు, దినముల పని. కజ్జలిని ఏడు పొరల చీలమన్ను చుట్టిన గాజుకుప్పెలోని కెత్తి, ఇసుక నింపిన వాలుకాయంత్రమున కాచిన, కుప్పె మెడను ఎఱ్ఱగ పేరుకొనునదే రససిందూరము. నలుపును ఎఱుపును ఒక్క పదార్థమే. అణువుల కూర్పు మాత్రము వేఱు. మన తెలుగువాడైన బసవరాజు రచించిన బసవరాజీయము ఇట్టి రసయోగములకు పేరుపడినది.

ఇక అసలు సంగతి. నూఱు పాళ్ల రససిందూరమున 86 పాళ్లు పాదరసమే. గురిగింజయెత్తు, అనగా ఇంచుమించు 125 మిల్లీగ్రాములలో, 100 మిల్లీగ్రాములకు పైబడియే యుండును. గంధకముతో గట్టిగ బంధింపబడి నీట కరుగదు గావున దేహమున కొంచెమే యెక్కునని వైద్యులందురు. అది రసాయనశాస్త్రమునకును సమ్మతమే. కాని కొంచెమనగా లేదని యర్థము గాదు. నెలలకొలది తినినచో మూత్రపిండములయందు చేరును. నూఱుట చాలక మిగిలిన విడిరసము మఱింత చెఱుపు. భస్మము నీటిపై తేలుట, వ్రేలిగీతలలో నిండుట అను పూర్వుల పరీక్షలు మెత్తదనమును తెలుపును గాని విడిరసమును పట్టియియ్యవు.

పెన్సిలిన్ రాకపూర్వము సవాయిరోగమునకు దొరల వైద్యులును పాదరసమునే వాడిరి. చొల్లు కారుట మందు పనిచేయు గుర్తని తలచెడివారు! అది విషలక్షణము.

2004లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేదపు మందులలో 14టియందు సీసము, పాదరసము, పాషాణములలో ఏదో యొకటి కనబడెను. మన ప్రభుత్వ నిబంధనలలోను హింగుళము, పారదము, రసకర్పూరము విషద్రవ్యముల పట్టికలో నున్నవి. వాటితో చేసిన మందుపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని ముద్రింపవలెను. మా పామర్రు వంటి యూళ్లకు సంచితో వచ్చువారి పొట్లముపై ఆ ముద్ర యెచ్చటిది? నా శిష్యుని తండ్రి మోకాళ్ల నొప్పులకు అట్టి మాత్రలు ఏడాది మ్రింగి, చేతివణుకుచే సంతకము చేయలేకపోయెను. మాత్రలను పరీక్షింపగా పాదరసము తేలినది.

గర్భిణులకు, చంటిబిడ్డలకు, మూత్రపిండముల జబ్బు గలవారికి ఈ మందుల నియ్యరాదు. ఇంటిలో ఇంగిలీకము కాచుట అసలే తగదు. పాదరసపు టావిరికి వాసన లేదు. ఊపిరితోనే నెత్తురున కెక్కును.