ఆకాశంలో సేద్యం, నేలమీది లెక్క

కిశోరులకోసం రాసే అంతరిక్ష సాహసకథలను కాలక్షేపపు సరుకుగా తీసిపారెయ్యడం మన విమర్శకులకు అలవాటు. కాని, లేని లోకాన్ని పధ్నాలుగేళ్ళ పాఠకుడు నమ్మేటట్లు ఎలా నిర్మించాలన్నది తేలికైన ప్రశ్న కాదు. అది వాస్తవికతకు సంబంధించిన ప్రశ్నే.

అమెరికన్ రచయిత రాబర్ట్ హైన్‌లైన్ 1950లో ప్రచురించిన ‘ఫార్మర్ ఇన్ ది స్కై’ని తీసుకుందాం. బిల్ అనే కుర్రవాడు తండ్రితోపాటు గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్‌కు వలసపోతాడు. అక్కడ రాయి తప్ప మట్టి లేదు. యంత్రంతో రాళ్ళను పిండిచెయ్యాలి. ఆ యంత్రంకోసం వంతు కాచుకోవాలి. ఆ పొడిలో సూక్ష్మజీవులున్న మట్టి కలిపితేగాని విత్తనం మొలవదు. ఒకనాడు నేల కంపించి, వేడిని నిలిపే ఏర్పాటు చెడిపోతుంది. మనుషులూ పశువులూ చలికి చనిపోతారు.

తర్వాత వచ్చిన విజ్ఞానం ఈ నవలను చాలావరకు కొట్టేసింది. గానిమీడ్ పైపొరలో మంచుగడ్డే ఎక్కువ. గురుగ్రహం చుట్టూ ఉన్న రేడియేషన్ రక్షణ లేని మనిషిని ఎంతోకాలం బతకనివ్వదు. అయినా ఆ పొలాన్ని ఇవాళ్టికీ నమ్ముతాం. ఎందుచేత? గింజ వెనక మట్టి, మట్టి వెనక యంత్రం, యంత్రం వెనక శ్రమ వరసగా కనిపిస్తాయి కాబట్టి. నౌకల వేగాలను ఎక్కాల్లా వల్లించి, అందులో అన్నం ఎవరు వండుతున్నారో చెప్పని రచయిత కట్టేది అట్టముక్కల కోటే.

అయితే ఇదే నవల మరోచోట మనల్ని మోసగిస్తుంది. వలసదారుల నౌక పేరు మేఫ్లవర్. 1620లో ఇంగ్లీషు వలసదారులను అమెరికా చేర్చిన ఓడ పేరది. ఆ నేలమీద అప్పటికే జనం ఉన్నారు. గానిమీడ్‌లో మాత్రం ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళ యంత్రాలే దొరుకుతాయి, బతికున్నవాళ్ళెవరూ అడ్డురారు. అంటే ఆదివాసి లేని అమెరికాను రచయిత ఆకాశంలో కట్టుకున్నాడన్నమాట.

ఆయనే 1957లో ‘సిటిజన్ ఆఫ్ ది గెలాక్సీ’ రాశాడు. తార్బీ అనే బాలుణ్ణి బానిసగా వేలంవెయ్యడంతో కథ మొదలవుతుంది. ఆ నగరానికి మన జబల్‌పూర్ పేరే పెట్టాడు. చివరకు, తన కుటుంబపు వ్యాపారసంస్థకే ఆ బానిసవర్తకంతో సంబంధాలున్నాయని తార్బీ తెలుసుకుంటాడు. నౌకలు ఎవరివి, లాభం ఎవరికి అన్న ప్రశ్న ఇక్కడ కథలోకి వచ్చింది. లోకానికి పునాది పడింది.

కాబట్టి కిశోరులకు రాసేవాళ్ళు రెండు లెక్కలు చూసుకోవాలి. గాలి, నీరు, బరువుల లెక్క ఒకటి. శ్రమ, యాజమాన్యాల లెక్క రెండోది. మొదటిది తప్పితే పిల్లవాడు నవ్వుతాడు. రెండోది దాచితే నవ్వడు, నమ్ముతాడు. ప్రమాదం అక్కడే ఉంది.