నాలుగు అక్షరాల్లో మనిషి ఇమిడిపోతాడా?

ఈ వారం మన యౌవనస్థుల నోట తరచుగా వినిపిస్తున్న ఒక సంగతిని గూర్చి ఆలోచిద్దాం. వీలైతే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మధ్యలో చిన్న లెక్క ఒకటి చేయవలసి ఉంటుంది.

ఈ రోజుల్లో కాలేజీ పిల్లలను "నువ్వు ఎలాంటి మనిషివి?" అని అడిగి చూడండి. కొందరు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు జవాబు చెబుతారు. "నేను ఐ.ఎన్.ఎఫ్.జె. అండి" అంటారొకరు. "మా అన్నయ్య ఈ.ఎస్.టి.జె., అందుకే ఇంట్లో అందరికీ పనులు పురమాయిస్తుంటాడు" అంటారు మరొకరు. పెద్దవారికి ఇది ఏదో కొత్త డిగ్రీలాగా వినిపిస్తుంది. డిగ్రీ కాదు, వ్యక్తిత్వ పరీక్షలో వచ్చిన ఫలితం. కొన్ని ప్రశ్నలకు జవాబులు గుర్తు పెడితే, మనుషులందరినీ పంచిన పదహారు గదుల్లో మీది ఏ గదో ఆ పరీక్ష చెబుతుంది. దక్షిణ కొరియాలో ఇది ఎంతగా పాకిందంటే, పెళ్లిచూపుల్లోనూ స్నేహాల్లోనూ పేరు తర్వాత అడిగే ప్రశ్న ఇదే అయ్యింది.

ఈ పరీక్ష ఎలా పుట్టింది? అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్ అనే తల్లి, ఇసబెల్ మయర్స్ అనే కుమార్తె దీనిని తయారుచేశారు. అందుకే దీనికి మయర్స్-బ్రిగ్స్ పరీక్ష అని పేరు. కాబోయే అల్లుడి ఆలోచనా తీరు తమ ఇంటివారి తీరుకు వేరుగా ఉండటం చూసి కేథరిన్‌కు ఈ విషయం మీద ఆసక్తి కలిగిందని చెబుతారు. స్విట్జర్లాండ్ వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో మనుషుల మానసిక రకాల గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. అది 1923లో ఇంగ్లీషులోకి వచ్చింది. తల్లీకూతుళ్లు దానిని ఆధారం చేసుకున్నారు. వారిద్దరూ మనస్తత్వ శాస్త్రం చదివినవారు కారు. ఇసబెల్ రాజనీతి శాస్త్రం చదివింది, డిటెక్టివ్ నవల రాసి బహుమతి కూడా పొందింది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లక్షలాది స్త్రీలు మొదటిసారిగా ఫ్యాక్టరీలకు, ఆఫీసులకు వెళ్లారు. ఎవరి స్వభావానికి తగిన పని వారికి దొరికితే మేలు కదా అని ఇసబెల్ ప్రశ్నలు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆమె ఉద్దేశం మంచిదే. 1962లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే సంస్థ ఆ పరీక్షను పరిశోధన కోసం ప్రచురించింది. మన పిల్లలు అమెరికా చదువుల కోసం రాసే టోఫెల్, జీఆర్ఈ నడిపేది కూడా ఆ సంస్థే. 1975 నుండి మరొక ప్రచురణ సంస్థ దానిని చేపట్టి కంపెనీలకు, కాలేజీలకు విస్తృతంగా అమ్మింది.

సంఘాలకు కూడా ఇలాంటివి కొత్త కాదు. అమెరికా పాస్టర్ టిమ్ లహే 1966లో నాలుగు స్వభావాల గురించి ఒక పుస్తకం రాశాడు. శాంగ్విన్, కొలెరిక్, మెలంకలిక్, ఫ్లెగ్మాటిక్ అనే పేర్లు మీలో కొందరు యూత్ రిట్రీట్లలోనో, పెళ్లికి ముందు ఇచ్చే కౌన్సెలింగ్‌లోనో విని ఉంటారు. ఆ విభజన లేఖనాల నుండి వచ్చింది కాదు. శరీరంలోని నాలుగు ద్రవాలను బట్టి మనిషి ఆరోగ్యం, స్వభావం ఉంటాయని ప్రాచీన గ్రీకు వైద్యులు నమ్మారు. రెండవ శతాబ్దపు వైద్యుడు గాలెన్ దానిని వివరించాడు. ఆ సిద్ధాంతాన్ని ఆధునిక వైద్యం ఎప్పుడో విడిచిపెట్టింది. పేర్లు మాత్రం మిగిలిపోయాయి.

ఇప్పుడు మీరు అడుగుతారు: "అయ్యా, నేను ఆ పరీక్ష రాశాను. నన్ను చూసి రాసినట్టే ఉంది. అది అబద్ధమెలా అవుతుంది?" మంచి ప్రశ్న. దీనికి జవాబుగా ఒక ప్రయోగం చెప్పనివ్వండి.

1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. కొన్ని రోజుల తర్వాత ఒక్కొక్కరికీ వారి పేరుతో ఫలితం ఇచ్చి, ఇది మీకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయండి అన్నాడు. సగటున 4 కంటే ఎక్కువే వేశారు. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే! అందులోని వాక్యాలు చాలావరకు బజారులో అమ్మే జ్యోతిషం పుస్తకం నుండి తీసుకున్నవి.

మీరే చూడండి. "మీరు మనుషులను ప్రేమిస్తారు గానీ, ఒక్కోసారి ఏకాంతం కావాలనిపిస్తుంది." ఈ మాట మీకు వర్తించదా? మీ పొరుగువారికి వర్తించదా? అందరికీ సరిపోయే చొక్కా ఇచ్చి, మీ కొలతలకే కుట్టించామని చెబితే మనం సంతోషంగా తొడుక్కుంటాం. అందులో కాస్త పొగడ్త కూడా కలిపితే మరీ సంతోషం. కాబట్టి "నాకు సరిగ్గా సరిపోయింది" అనే అనుభూతి ఒక్కటే సాక్ష్యం కాదు. చిలక జోస్యం విన్నవారు కూడా అదే మాట అంటారు.

మరి పరీక్షను దేనితో పరీక్షించాలి? రెండు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: మళ్లీ కొలిస్తే అదే ఫలితం వస్తుందా? కూరగాయల బండి దగ్గర కాటా ఉందనుకోండి. అవే వంకాయలు ఇప్పుడు కిలో తూగి, పది నిమిషాల తర్వాత కిలోన్నర తూగితే ఆ కాటాను నమ్ముతారా? మయర్స్-బ్రిగ్స్ మీద వచ్చిన పరిశోధనలను సమీక్షించిన డేవిడ్ పిట్టెంజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో ఏం రాశాడంటే, ఐదు వారాల తర్వాత మళ్లీ రాసినవారిలో సగం మంది వరకు వేరే రకంలో పడుతున్నారట. ఐదు వారాల్లో మనిషి స్వభావం మారిపోతుందా?

ఇలా ఎందుకు జరుగుతుంది? ఇక్కడే మన లెక్క. ఈ పరీక్షలో నాలుగు జతలు ఉన్నాయి. పదిమందిలో ఉత్సాహపడతారా, ఏకాంతంలో సేదతీరుతారా? కళ్లెదుటి వివరాలు చూస్తారా, వెనకున్న అర్థం వెదకుతారా? తర్కంతో నిర్ణయిస్తారా, మనసుతో నిర్ణయిస్తారా? ముందుగా ఏర్పాటు చేసుకుంటారా, అప్పటికప్పుడు చూసుకుంటారా? ప్రతి జతలోనూ మీరు ఇటైనా ఉండాలి, అటైనా ఉండాలి. మధ్యలో చోటు లేదు.

కానీ మనుషులు అలా ఉన్నారా? ఎత్తు సంగతి తీసుకోండి. 5 అడుగుల 5 అంగుళాల దగ్గర గీత గీసి, పైవారంతా పొడుగు, కిందివారంతా పొట్టి అన్నామనుకోండి. గీతకు అర అంగుళం పైనున్న వ్యక్తి, అర అంగుళం కిందున్న వ్యక్తి దాదాపు సమానమే. అయినా వారికి వేర్వేరు పేర్లు పెట్టాం. అర అంగుళం పైనున్నవారికీ ఆరడుగుల వ్యక్తికీ ఒకే పేరు పెట్టాం! స్వభావం కూడా ఎత్తు లాంటిదే. ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. గీతకు దగ్గరగా ఉన్నవారు ఒకటి రెండు జవాబులు మార్చితే చాలు, అక్షరం మారిపోతుంది. పూర్తిగా అంతర్ముఖుడు గానీ, పూర్తిగా బహిర్ముఖుడు గానీ ఎవరూ ఉండరని యూంగ్ కూడా అనుకున్నాడు.

ఇప్పుడు కాగితం తీయండి. ఒక్కో జత విడిగా చూస్తే ఫలితం బాగానే నిలబడుతుందని పరీక్షను సమర్థించేవారు అంటారు. సరే, ఒప్పుకుందాం. నూటికి 90 మందికి ఒక అక్షరం మారకుండా ఉంటుందనుకుందాం. మరి నాలుగు అక్షరాలూ మారకుండా ఉండాలంటే? 90 శాతాన్ని నాలుగుసార్లు గుణించండి. సుమారు 66 వస్తుంది. అంటే నూటికి 34 మందికి కనీసం ఒక అక్షరం మారుతుంది. 85 శాతమే నిలబడితే? 52 మాత్రమే. ఒక్కో ఇటుక బాగానే ఉన్నా గోడ నిలవడం లేదు.

రెండవ ప్రశ్న: ఈ ఫలితం దేనికైనా పనికొస్తుందా? అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నియమించిన కమిటీ 1991లో దీనిని పరిశీలించింది. ఉద్యోగ మార్గం చూపే సలహాల్లో ఈ పరీక్షను వాడటానికి తగినంత ఆధారం లేదని తేల్చింది. ఇంకో సంగతి గమనించండి. ఉద్యోగానికి మనుషులను ఎంపిక చేయడానికి దీనిని వాడకూడదని అమ్మే సంస్థే చెబుతోంది.

అలాగని స్వభావాన్ని కొలవడమే వ్యర్థం అనడం లేదు. 1936లో ఆల్‌పోర్ట్, ఒడ్‌బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు నిఘంటువు తిరగేసి, మనుషుల తీరును చెప్పే మాటలు దాదాపు 18,000 పోగుచేశారు. తర్వాతివారు దశాబ్దాల పాటు వాటిని వడపోయగా ఐదు ప్రధాన గుణాలు తేలాయి: కొత్తదనాన్ని ఆహ్వానించడం, బాధ్యతగా పనిచేయడం, కలుపుగోలుతనం, ఎదుటివారితో సర్దుకుపోవడం, ఆందోళనకు త్వరగా లోనుకావడం. శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడేది దీనినే. ఇందులో గదులు లేవు. ఒక్కో గుణం మీలో ఎంత ఉందో చెబుతుంది, అంతే. ఇది మరింత నిలకడైనది. అయితే ఇక్కడ కూడా జవాబులు చెప్పేది మనమే. ఉద్యోగం కోసం రాసేటప్పుడు "నేను సోమరిని" అని ఎవరు గుర్తు పెడతారు?

ప్రియులారా, ఇది కేవలం సరదా అయితే ఇంతసేపు మాట్లాడవలసిన పని లేదు. అయితే ఈ అక్షరాల మీద కొందరు జీవితాలను నిర్ణయిస్తున్నారు. "ఆ అబ్బాయి రకం మా అమ్మాయికి పొసగదు" అని సంబంధం వదులుకుంటే, జాతకం తీసేసి దాని స్థానంలో ఇంకొకటి పెట్టుకున్నట్టే కదా? "మావాడు ఇంట్రోవర్ట్, వాణ్ణి స్టేజీ ఎక్కించకండి" అని తల్లి పదేళ్ల పిల్లవాడి ముందే అంటే, వాడు ఇక జీవితమంతా ఆ మాట వెనక దాక్కుంటాడు. "నేను కొలెరిక్‌ని, నాకు కోపం వస్తుంది, ఏం చేయమంటారు?" అని భర్త అంటే, అది స్వభావ వివరణా, క్షమాపణ చెప్పకుండా తప్పించుకోవడమా?

టిమ్ లహే పేతురును శాంగ్విన్ అన్నాడు, పౌలును కొలెరిక్ అన్నాడు. అయితే ఆలోచించండి. ఒక రాత్రి ఒక పనిపిల్ల ముందు నోరు పెగలని పేతురు, కొన్ని వారాలకే వేలమంది ఎదుట నిలబడి మాట్లాడాడు. ఆ రాత్రి ఆయనకు పరీక్ష పెట్టి ఉంటే ఏ గదిలో వేసేవారు? ఆ కాగితం చూసి ఏ సంఘమైనా ఆయనకు ప్రసంగ పీఠం ఇచ్చేదా?

కాబట్టి మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పరీక్ష రాస్తే రాయండి, కానీ రెండు నెలల తర్వాత మళ్లీ రాసి పోల్చండి. అక్షరాన్ని కాదు, మీరు గీతకు ఎంత దూరంలో ఉన్నారో చూడండి. రెండు, ఫలితాన్ని మాట కలపడానికి వాడుకోండి. "నాకు ముందుగా చెబితే బాగుంటుంది, నీకు ఎలా బాగుంటుంది?" అని భార్యాభర్తలు మాట్లాడుకోవడానికి అది సాయపడితే మంచిదే. మూడు, మరొకరి మీద తీర్పుగా దానిని వాడకండి. ఉద్యోగం, పెళ్లి, సండే స్కూల్ బాధ్యత, ఇవేవీ ఆ కాగితం చూసి నిర్ణయించవద్దు. ఇక ఎవరైనా వారాల తరబడి దిగులుతో, నిద్ర లేకుండా ఉంటే, "నా టైపే అంత" అని ఊరుకోవద్దు. అది డాక్టరుకు చూపించవలసిన సంగతి.

ఒక మనిషిని తెలుసుకోవడానికి ఇరవై నిమిషాల ప్రశ్నలు చాలవు. కలిసి భోజనం చేయాలి, కలిసి పనిచేయాలి, కష్టంలో పక్కన నిలబడాలి. ఈ వారం మీ ఇంట్లో ఎవరికైనా మీరు ఎప్పుడో ఒక పేరు తగిలించి ఉంటే, దానిని పక్కనపెట్టి వారితో ఒక గంట కూర్చుని చూడండి. మీరు అనుకున్నదానికంటే పెద్ద మనిషి అక్కడ కనబడవచ్చు. వచ్చే వారం మళ్లీ కలుసుకుందాం. అంతవరకు సెలవు.