బోనెక్కే సాక్షికి గౌరవమేదీ?

నడివీధిలో హత్య జరుగుతుంది. పదిమంది చూస్తారు. కేసు కోర్టుకొచ్చేసరికి చూసినోళ్లు ఒక్కరూ మిగలరు. 'మనకెందుకొచ్చిన గొడవ' అని తప్పుకొంటారు. తప్పంతా వాళ్లదే అనలేం. సమన్లు అందితే ఆ రోజు కూలి పోయినట్టే. చేతి డబ్బుతో బస్సెక్కి, కోర్టు వరండాలో పొద్దంతా నిలబడితే.. సాయంత్రానికి వాయిదా! అవతలి పక్షం బెదిరింపులు సరేసరి.

సరిహద్దుకు అవతల తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి మరో చిక్కు కూడా ఉంది.. భాష! బళ్లారి, రాయచూరుల్లో కన్నడం, హోసూరులో తమిళం, బరంపురం, రాయగడల్లో ఒడియా, సిరోంచలో మరాఠీ. బజారులో ఆ భాష గడగడా మాట్లాడేవారు సైతం నల్లకోట్ల మధ్య బోనెక్కగానే తడబడతారు.

అతిథిలా చూడాలన్నారు

సాక్షుల అవస్థను సుప్రీంకోర్టు 2000లోనే స్వరణ్ సింగ్ కేసులో ఎత్తిచూపింది. కూర్చోడానికి చోటు, తాగడానికి నీళ్లు కూడా ఇవ్వకుండా పదేపదే తిప్పుతున్నారని ఆవేదన చెందింది. కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ వి.ఎస్.మళీమఠ్ నేతృత్వంలోని కమిటీ 2003లో ఇంకో అడుగు ముందుకేసింది. సాక్షిని గౌరవ అతిథిలా చూడాలని సిఫార్సు చేసింది. ఇన్నేళ్లయినా చాలాచోట్ల అతిథికి కుర్చీ కూడా దొరకడం లేదు.

రోడ్డు ప్రమాద బాధితుణ్ని సకాలంలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం 2021లో రూ.5 వేల బహుమతి, ప్రశంసాపత్రం ప్రకటించింది. 2025లో ఆ మొత్తాన్ని రూ.25 వేలకు పెంచింది. ప్రాణం కాపాడినవారికి ఇది దక్కాల్సిందే. మరి ప్రాణం తీసినవాడికి శిక్ష పడేలా నిజం చెప్పినవారి సంగతేంటి?

తెలుగులోనే చెప్పొచ్చు

సాక్ష్యం ఫలానా భాషలోనే చెప్పాలన్న నిర్బంధం లేదు. కోర్టు భాష రాకపోతే తెలుగులోనే చెప్పొచ్చు. రాసుకోవడానికి వీలైతే తెలుగులోనే రాసుకుంటారు. కాకుంటే అనువాదం చేయిస్తారు. అనువదించే వ్యక్తి ఉన్నదున్నట్టు చెప్పి తీరాలన్నది చట్టం. పెద్ద కేసుల్లో సాక్ష్యం రాశాక సాక్షికి చదివి వినిపించాలి. రాసిన భాష అర్థం కాకపోతే అర్థమయ్యే భాషలో వివరించాలి. తప్పుందని చెబితే దిద్దుతారు, లేదంటే ఆ అభ్యంతరాన్ని రాసి పెడతారు. అందుకే అర్థం కాకుండా తలూపొద్దు. 'తెలుగులో చెప్పండి సార్' అని అడగడం హక్కు.

ఇవి తెలుసుకోండి

* పోలీసులకు ఇచ్చే వాంగ్మూలంపై సాక్షి సంతకం పెట్టాల్సిన పనిలేదు.
* మహిళలు, 60 ఏళ్లు దాటినవారు, 15 ఏళ్లలోపు పిల్లలు, వికలాంగులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వాంగ్మూలం కోసం స్టేషనుకు రమ్మనకూడదు. పోలీసులే వాళ్ల ఇంటికి రావాలి.
* కోర్టుకొచ్చిన సాక్షికి సహేతుకమైన ఖర్చులు ప్రభుత్వం నుంచి ఇప్పించే అధికారం జడ్జికి ఉంది. బత్తా గురించి అడగండి.
* సాక్షులు హాజరైనప్పుడు ప్రత్యేక కారణం రాయకుండా విచారణ వాయిదా వేయకూడదు.

బెదిరిస్తే..?

సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న ఆమోదించింది. తీవ్రమైన నేరాల్లో సాక్షులకు ఇది వర్తిస్తుందని అందులో పేర్కొన్నారు. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది. జిల్లా పోలీసు అధికారి, ప్రాసిక్యూషన్ అధిపతి అందులో ఉంటారు. దరఖాస్తు అందితే ముప్పు ఏపాటిదో డీఎస్పీ స్థాయి అధికారి నివేదిక ఇస్తారు. నివేదిక వచ్చాక ఐదు పనిదినాల్లో కమిటీ తేల్చాలి. ఇంటి దగ్గర గస్తీ, కోర్టుకు తోడు, ఫోన్ నంబరు మార్పు.. అవసరమైతే ఊరు మార్చడం దాకా ఏర్పాట్లున్నాయి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ తనదైన పథకం ప్రకటించాలి.

పంద్రాగస్టు జాబితాలో..

పంద్రాగస్టు, జనవరి 26 వస్తే ఉత్తమ ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు అందిస్తారు. భయపడకుండా నిజం చెప్పిన ఓ కూలీనో, చిల్లర దుకాణదారునో కేసు ముగిశాక, వాళ్లు ఒప్పుకొంటే, అదే వేదికపైకి పిలవొచ్చు. పేరు బయటపడితే ముప్పనుకుంటే జడ్జిగారి గదిలోనే ఓ మంచిమాట చెప్పొచ్చు. ఖర్చు కాగితమంత. ఊళ్లో మరో పదిమందికి మాత్రం కొండంత ధైర్యం.