రైజ్‌బాల్ నిజంగా పైకి లేస్తుందా? స్పిన్ చేసే మాయ ఇదీ!

2028 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ వస్తోంది. పిచ్చర్ నిలబడేది 43 అడుగుల దూరంలోనే. బంతి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తే బ్యాటర్‌కి అర సెకను కూడా దొరకదు. దానికి తోడు స్పిన్!

బంతి ముందుకు దొర్లినట్టు తిరిగితే గాలి దాన్ని కిందకి నెడుతుంది. అదే డ్రాప్‌బాల్, మన క్రికెట్ టాప్‌స్పిన్ లాగే. పక్కకు తిరిగితే కర్వ్‌బాల్.

అసలు తికమక రైజ్‌బాల్‌తోనే. చెయ్యి కింది నుంచి తిప్పి, బంతిని కాస్త పైకే వదులుతారు. వెనక్కి తిరిగే స్పిన్ వల్ల గాలి పైకి నెడుతుంది. కానీ బంతి బరువు అంతకన్నా ఎక్కువ. అందుకే మధ్యలో పైకి వంగదు, పడాల్సినంత పడదు.. అంతే! ఇంకా పడుతుందనుకున్న బ్యాటర్ బంతి కింద గాలిని కొడుతుంది. ఈసారి స్లో మోషన్ రీప్లేలో ఎర్ర కుట్లు ఎటు తిరుగుతున్నాయో చూడండి.