ఖాళీని కత్తిరిస్తే

ఖాళీ స్థలాన్ని రెండుగా కత్తిరించగలమా? ఓ పాఠకుడు పంపిన ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే, 2010లో మార్క్ వాన్ రామ్స్‌డాంక్ అనే భౌతికవేత్త కాగితం మీద ఆ పనే చేశాడు.

దానికి కావలసిన సరంజామా కొంచెమే. రెండు కణాల స్థితులు విడివిడిగా చెప్పలేనంతగా ముడిపడితే దాన్ని క్వాంటమ్ లంకె అందాం. 1997లో భౌతికవేత్త మాల్దసేనా ఒక ప్రత్యేక తరహా విశ్వాన్ని తీసుకుని, దాని లోపల గురుత్వాకర్షణతో నడిచే కథంతా, గురుత్వాకర్షణే లేని దాని అంచు మీద క్వాంటమ్ లెక్కగా రాయొచ్చని ప్రతిపాదించాడు. 2006లో రియు, తకయనాగి అనే భౌతికవేత్తలు ఇంకో అడుగు వేశారు. అంచును రెండు భాగాలు చేస్తే, వాటి మధ్య లంకె ఎంతో చెప్పేది లోపల వాటిని వేరుచేసే అతిచిన్న తెర వైశాల్యమే! ఇది ఒక పాత వాదాన్ని గుర్తుచేస్తుంది. కృష్ణబిలం ఎంట్రోపీ (అస్తవ్యస్తతకు కొలత) దాని ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుందని 1972లో బెకెన్‌స్టైన్ అంటే హాకింగ్ ఒప్పుకోలేదు. 1974లో హాకింగ్ సొంత లెక్కే బెకెన్‌స్టైన్ వైపు తీర్పు చెప్పింది. ఈ తెర సూత్రంలోనూ, కృష్ణబిలం సూత్రంలో లాగే, లెక్కకు వచ్చేది వైశాల్యంలో నాలుగో వంతే.

ఇప్పుడు అంచు రెండు సగాల మధ్య లంకెను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోదాం. తెర వైశాల్యం తగ్గాలి. అంటే లోపలి స్థలం నడుము దగ్గర సన్నబడాలి. అటు బిందువుకూ ఇటు బిందువుకూ సంబంధం బలహీనపడేకొద్దీ లోపల వాటి మధ్య దూరం పెరగాలి. రెండు చేతులతో సాగదీసిన పిండిముద్దలా స్థలం సాగి, సన్నబడి, లంకె సున్నా కాగానే తెగిపోతుంది. మిగిలేవి ఒకదాన్నుంచి మరోదానికి దారిలేని రెండు విశ్వాలు. అంచు మీద మనం తీసేసిన పదార్థం ఏమీ లేదు, తీసింది లంకెనే. స్థలాన్ని అతికి ఉంచుతున్నది అదేనన్నమాట! 2013లో మరికొందరితో కలిసి వాన్ రామ్స్‌డాంక్ ఈ లంకెల లెక్క నుంచే, బలహీన గురుత్వాకర్షణ ఉన్న చోట, ఐన్‌స్టైన్ సమీకరణాలు రాబట్టాడు.

ఐన్‌స్టైన్ 1935 మే నెల పత్రంలో సహచరులతో కలిసి ఈ లంకెను చూపి క్వాంటమ్ సిద్ధాంతం అసంపూర్ణమని వాదించాడు. జూలై పత్రంలో దూరపు చోట్లను కలిపే వంతెన (ఇప్పటి పేరు వార్మ్‌హోల్) గురించి రాశాడు. ఆ రెండూ ఒకటే కావచ్చని 2013లో మాల్దసేనా, మరో భౌతికవేత్త సస్కిండ్ ప్రతిపాదించారు.

2022లో 'ప్రయోగశాలలో వార్మ్‌హోల్' అంటూ వచ్చిన పతాక శీర్షికలు మాత్రం నాకు చిరాకు తెప్పించాయి. అక్కడ జరిగింది క్వాంటమ్ కంప్యూటర్‌లో 9 క్యూబిట్లతో ఒక లెక్కను నడపడమే, స్థలంలో ఏ చిల్లూ పడలేదు. పైగా మన విశ్వం వేగం పెంచుకుంటూ విస్తరిస్తోంది, దానికి మాల్దసేనా చెప్పిన తరహా అంచు లేదు. ఇక కాలం సంగతి ఇంకా కష్టం. ఈ పద్ధతిలో లోపలి లోతు లంకెల్లోంచి పుడుతుంది గానీ, అంచు మీది గడియారం మొదటినుంచీ నడుస్తూనే ఉంటుంది.