కుజగ్రహమున గాలిని కొలుచు విధము

గాలి యెటనుండి వీచుచున్నదో, యెంత వడిగ వీచుచున్నదో చూడక కళ్లమున చేట నెత్తు రైతుండడు. మనుష్యు డింతవరకు కాలిడని కుజగ్రహమునందును ఈ రెండు సంగతులు తెలిసికొనవలసిన యగత్యము శాస్త్రజ్ఞులకు గలిగినది.

అచ్చటి వాయువు మిక్కిలి పలుచన. దాని పీడనము భూమిమీది దానిలో నూరవ వంతైనను లేదు. గంటకు 60 మైళ్ల గాలి వీచినను, మన యూర 8 మైళ్ల గాలి త్రోసినంత మాత్రమే త్రోయును. శుక్రగ్రహమున వాయువు దట్టమగుటచే 1975లో సోవియటువారి వెనెరా నౌకలు గిన్నెల చక్రమును త్రిప్పి గాలిని కొలిచినవి. కుజునియందు వేరుపాయము కావలసివచ్చెను.

వేడిపాలను విసరినచో త్వరగా చల్లారును గదా! 1976లో దిగిన వైకింగు నౌకలలో నీ సూత్రమునే వాడిరి. సన్నని లోహపుపూతను విద్యుత్తుచే వెచ్చజేయుదురు. గాలి దానిని చల్లార్చును. వేడి తగ్గకుండ నెంత విద్యుత్తు పట్టునో చూచి వేగమును లెక్కింతురు. 2008లో దిగిన ఫీనిక్సు నౌకకు డెన్మార్కువారు చేసి యిచ్చిన సాధనము మరింత సులువైనది: సన్ననిపోగులకు వ్రేలాడు తేలికగొట్టము. అది యెటు వాలినదో కెమేరా చూచును. నాకు మాత్ర మిదియే ముచ్చటగా నున్నది.

చిక్కులును లేకపోలేదు. నౌకయొక్క దేహమే గాలికి అడ్డువచ్చును. అందుచే 2018 నవంబరులో దిగిన ఇన్‌సైటు నౌకకు ఎదురెదురు దిక్కులను రెండు సాధనము లమర్చిరి. 2022 జనవరిలో పెర్సెవరెన్సు బండిమీది గాలిసాధనమును గాలి విసరిన గులకరాళ్లే చెరచినవి.

ఇన్‌సైటునకు ఎండనుండి విద్యుత్తు పుట్టించు పలకలే యాధారము. వానిపై దుమ్ము పేరుకొని శక్తి సన్నగిల్లజొచ్చెను. 2021 మే నెలలో, గాలి యెక్కువగా నుండు పగటివేళ నెంచి, యంత్రపుచేతితో నిసుకను పలకప్రక్కన మెల్లగ జారవిడిచిరి. దుమ్మును నేరుగా లేపజాలని యా పలుచనిగాలి యిసుకరేణువులను పలకమీదుగా గెంతించెను; అవి దుమ్మును కొంత యూడ్చుకొనిపోయెను. దినమునకు సుమారు 30 వాట్-గంటల శక్తి యధికముగ లభించెను. ఆ యుపాయమును మరల మరల చేసి పని సాగించిరి. తుదకు దుమ్మే గెలిచెను. 2022 డిసెంబరు 15 తరువాత నౌకనుండి వార్త రాలేదు.